ఈ ఇనుము మునుపు ఏం పని చేసింది?

మలేషియా రబ్బరు తోటల్లో పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండెక్కే కొద్దీ చెట్టు ఆకుల నుంచి నీరు ఆవిరై, పాలగొట్టాల్లో ఒత్తిడి తగ్గిపోతుంది. పాలు సరిగా కారవు. అందుకే నుదుటికి దీపం కట్టుకుని, చీకట్లోనే చెట్టు నుంచి చెట్టుకు నడుస్తూ గీత గీస్తారు. గీసే కత్తి చూడడానికి చిన్నదే. దాని మొన మాత్రం మధ్యకు మడిచిన తాటాకు ముక్కలా ఉంటుంది. ఆ మడత అంచుతో బెరడు మీద ఏటవాలుగా లాగితే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన చెక్కు లేస్తుంది. పాలగొట్టాలు ఎక్కువగా ఉండేది బెరడు లోపలి పొరలో. దానికి ఆనుకునే చెట్టు పెరుగుదలకు మూలమైన కణాల పొర ఉంటుంది. కత్తి ఆ పొర దాకా వెళ్ళాలి, దాటకూడదు. దాటితే చెట్టుకు పుండు పడి, ఆ చోట బెరడు బుడిపెలు కట్టి, మళ్ళీ గీతకు పనికిరాకుండా పోతుంది. మొద్దు కత్తితో ఆ హద్దు నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే గీతపనిలో కత్తి ఎంతో సానరాయీ అంతే.

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడలెక్కి మలయాకు వెళ్ళిన తెలుగు కూలీల్లో ఎందరో ఈ తోటల్లోనే బతికారు. పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో కొబ్బరి తోటలకు వెళ్ళినవాళ్ళు వెళ్ళగా, మిగిలినవాళ్ళలో చాలామంది చేతికి వచ్చింది ఈ మడత కత్తే. వాళ్ళు ఏ బడిలోనూ లోహశాస్త్రం చదవలేదు. కానీ ఏ కత్తి పదును నిలుపుతుందో, ఏది రెండు రోజులకే మడతపడుతుందో వాళ్ళకు తెలుసు. ఈ అధ్యాయం ఆ తెలివి గురించే. ఉక్కు ముక్కను చూసి, అది ఇంతకు ముందు ఏం పని చేసిందో అడిగి, ఇక మీదట ఏం పని చేయగలదో తేల్చుకోవడం గురించి.

గీసిన చెట్టు సంగతి కూడా చెప్పాలి. రబ్బరు చెట్టు మలయా గడ్డ మీద పుట్టింది కాదు. బ్రెజిల్ నుంచి లండన్ క్యూ తోటకు, అక్కడి నుంచి 1877లో సింగపూరుకు 22 మొక్కలు చేరాయి. వాటిలో తొమ్మిదింటిని పేరాక్‌లోని క్వాలా కాంగ్సార్‌లో నాటారు. అలా మొదలైన తోటల్లో ఒక్కో చెట్టును పాతిక, ముప్ఫై ఏళ్ళు గీస్తారు. తరవాత పాలు తగ్గి చెట్టును కొట్టేస్తారు. చాలాకాలం ఆ కలప గతి పొయ్యే. రబ్బరు షీట్లను పొగబెట్టడానికీ, ఇటుకలు కాల్చడానికీ పోయేది. దానికి కారణం ఉంది. ఆ కలప నిండా పిండిపదార్థం. కొట్టిన కొద్ది రోజుల్లోనే బూజు పట్టి నీలి మచ్చలు తేలతాయి, పురుగు తొలుస్తుంది. కౌలాలంపూర్ పక్కన కెపోంగ్‌లో ఉన్న అటవీ పరిశోధన సంస్థ వంటి చోట్ల జరిగిన పని వల్ల, కలపలోకి బోరాన్ లవణాలను ఒత్తిడితో ఎక్కించి, బట్టీలో ఆరబెట్టే పద్ధతి స్థిరపడింది. వంటచెరకు కుర్చీ అయింది. ఇవాళ జొహోర్ రాష్ట్రంలోని మువార్ పట్టణం కుర్చీలకూ బల్లలకూ పేరుపొందిందంటే అందులో పెద్ద వాటా ఈ ముసలి రబ్బరు చెట్లదే.

ఈ కలప తరిమెన మీద బాగా తిరుగుతుంది. తరిమెన అన్న మాట ఇప్పుడు పట్టణాల్లో వినబడటం లేదు, లేతు అంటున్నారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి లక్కబొమ్మలు చేసేది దానిమీదే. కర్ర తిరుగుతుంది, ఉలి నిలుస్తుంది. మలయ్ భాషలో ఈ పనిని లారిక్ అంటారు. కెలాంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో గాసింగ్ అనే పెద్ద బొంగరాలు ప్రసిద్ధం. పోటీల్లో తిప్పే బొంగరం భోజనం పళ్ళెమంత వెడల్పు, సుమారు ఐదు కిలోల బరువు ఉంటుంది. ఒడుపుగా విసిరితే గంటకు పైగా, ఒక్కోసారి రెండు గంటల దాకా తిరుగుతుంది. అంతసేపు తిరగాలంటే బరువు అన్ని వైపులా సమానంగా పంచుకుని ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒరుగుతుంది. అంత గుండ్రన రావాలంటే ఉలి అంచు పని మధ్యలో మొద్దుబారకూడదు.

ఇక ఉలి ఎక్కడి నుంచి వస్తుంది? కొనవచ్చు. విదేశీ ఉలుల ధర మాత్రం కొత్తగా నేర్చుకునేవాడిని భయపెడుతుంది. మలేషియా వీధుల్లో మైకు పెట్టుకుని పాత పేపర్లు, పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ తిరిగే లారీలు అక్కడ పెరిగిన ప్రతి పిల్లకూ పరిచయమే. పాత ఇనుమును వాళ్ళు బెసి బురుక్ అంటారు. ఆ లారీ వెనక గుట్టలో మంచి ఉలికి కావలసిన ఉక్కు తప్పకుండా ఉంటుంది. పనికిరానిది దానికి పదింతలు ఉంటుంది. రెండూ ఒకే తుప్పు రంగులో ఉంటాయి.

వేరు చేసే మొదటి పద్ధతి నిప్పురవ్వలు చూడటం. ముక్కను ఎమరీ చక్రానికి కాస్త తాకించాలి. కిటికీ ఊచలాంటి మెత్తటి ఇనుమైతే రవ్వలు చీపురు పుల్లల్లా పొడుగ్గా, నిటారుగా పోతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కైతే రవ్వలు చక్రం దగ్గరే చిట్లి కాకరపువ్వొత్తిలా పూలు పూస్తాయి. ఎగిరిన ప్రతి రవ్వ కరిగిన ఇనుప బొట్టు. దానిలోని కార్బన్ గాలిలో మండి వాయువుగా మారుతుంది. ఆ వాయువు బొట్టును లోపలి నుంచి పగలగొడుతుంది. కార్బన్ ఎంత ఎక్కువుంటే పూలు అంత దట్టం. టంగ్‌స్టన్ కలిసిన ఉక్కు రవ్వలు వేరు. మసక ఎరుపులో, తక్కువగా, దాదాపు పూలు లేకుండా రాలతాయి. ఈ మూడు రకాల రవ్వలను ఒకసారి పక్కపక్కన చూసిన కన్ను మరిచిపోదు.

గుట్టలో అందరి కన్నూ ముందు పడేది అరిగిన ఆకురాయి మీద. పొడవు, వెడల్పు, చివర తోక, అన్నీ ఉలి కోసమే చేసినట్టు ఉంటాయి. ఉక్కు కూడా మేలిరకం. మంచి ఆకురాయిలో ఒక శాతానికి పైగా, 1.2 శాతం దాకా కార్బన్ ఉంటుంది. (నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి, పర్షియా దాకా అమ్మిన ఉక్కు కూడా ఇలా కార్బన్ దట్టంగా ఉన్నదే. ఇంగ్లీషు వాళ్ళు ఊట్జ్ అన్నది మన ఉక్కు మాటనే అని పండితుల అభిప్రాయం.) అయినా అరిగిన ఆకురాయిని అలాగే పదునుపెట్టి తరిమెన ముందు నిలబడటం ప్రమాదం. ఎందుకో తెలియాలంటే ఆకురాయి చేసిన పాత పనిని గుర్తు చేసుకోవాలి. అది ఇనుమును రాసేది. దానికి గట్టిదనం కావాలి, దెబ్బ తట్టుకునే పని ఎప్పుడూ లేదు. కాబట్టి చేసినవాళ్ళు దాన్ని గాజంత పెళుసుగా ఉంచేశారు.

ఆ పెళుసుదనం పుట్టే తీరు చూద్దాం. మామూలు వేడిలో ఇనుప అణువులు ఒక పద్ధతిలో పేర్చుకుని ఉంటాయి. ఆ అమరికలో కార్బన్‌కు దాదాపు చోటు లేదు. ఉక్కును 727 డిగ్రీలు దాటించి ఎర్రగా కాల్చితే ఇనుము తన అమరిక మార్చుకుంటుంది. కొత్త అమరికలో సందులు వెడల్పు. కార్బన్ అణువులు వాటిలోకి చేరతాయి. చెరువు పొంగినప్పుడు చేపలు వరిచేలలోకి వచ్చినట్టు అనుకోండి. వరద మెల్లగా తీస్తే చేపలు నీటితోపాటు వెనక్కి పోతాయి. ఒక్కసారిగా తీసేస్తే మడుల్లో చిక్కుకుపోతాయి. ఎర్రటి ఉక్కును నీళ్ళలోనో నూనెలోనో ముంచడం అంటే వరదను ఒక్కసారిగా తీసేయడమే. ఇనుము పాత అమరికకు పోబోతుంది, కార్బన్ అడ్డం పడుతుంది, అమరిక సాగి బిగుసుకుపోతుంది. ఆ బిగువే గట్టిదనం. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరిట ఈ స్థితిని మార్టెన్సైట్ అంటారు. అంత బిగువు మీద ఉన్న ఉక్కు వంగలేదు, విరుగుతుంది.

ఆకురాయి మీది పళ్ళు ఇంకో ప్రమాదం. బట్టల కొట్టులో గుడ్డ చింపేవాడు కత్తెరతో అంచున చిన్న గాటు పెడతాడు, తరవాత రెండు చేతులతో లాగితే చర్రున చిరుగుతుంది. గాటు మొన దగ్గర లాగే బలమంతా పోగుపడుతుంది కాబట్టి అది సాధ్యం. ఆకురాయి పొడవునా అలాంటి గాట్లు వందల్లో ఉన్నాయి. తిరుగుతున్న కర్రలో ఉలి ఇరుక్కున్న క్షణాన ఏ గాటు దగ్గర విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. 30 సెంటీమీటర్ల పళ్ళెం నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. విరిగిన ముక్క ఆ ఊపులోనే ఎగురుతుంది.

అందువల్ల ఆకురాయికి రెండు పనులు చేయాలి. పళ్ళను నాలుగు వైపులా నున్నగా అరగదీయాలి. పెళుసుతనాన్ని వేడితో కొంత తగ్గించాలి. రెండో దానికి 200 నుంచి 220 డిగ్రీల వేడి చాలు. రొట్టెలు కాల్చే ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే సరిపోతుంది. ఓవెన్ లేకపోతే ఇసుక మూకుడు. మన ఊళ్ళలో మరమరాలు వేయించేవాళ్ళు ఇసుకనే ఎందుకు వాడతారు? వేడి ఒకచోట పోగుపడకుండా గింజ చుట్టూ సమంగా అంటుతుంది కనక. ఉక్కుకూ అదే మేలు. కాస్త మెరుగుపెట్టిన ఉక్కును వేడి ఇసుకలో పెట్టి రంగు చూస్తూ ఉండాలి. మొదట లేత గడ్డి రంగు వస్తుంది, తరవాత తేనె రంగు, ఆపైన నేరేడు రంగు, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం. ఉక్కు మీద గాలి తగిలి ఏర్పడే ఆక్సైడు పొర చిత్రమిది. ఆ పొర మందం వెంట్రుకలో వెయ్యోవంతు స్థాయిలో ఉంటుంది. వానపడ్డ రోడ్డు మీద డీజిల్ చుక్క రంగులు విరజిమ్మేది కూడా ఇంత సన్నని పొర వల్లే. పొర మందమయ్యే కొద్దీ రంగు మారుతుంది, మందమయ్యేది వేడిని బట్టి. కాబట్టి థర్మామీటరు లేని కమ్మరికి రంగే థర్మామీటరు. ఉలికి గడ్డి రంగు దగ్గర ఆపాలి. అప్పటికి చిక్కుకున్న కార్బన్‌లో కొంత కదిలి బయటపడుతుంది, బిగువు సడలుతుంది. గట్టిదనం కొద్దిగా తగ్గి, దెబ్బ ఓర్చుకునే గుణం వస్తుంది.

ఇంతా చేసినా ఆకురాయి ఉలిని నేను చిన్న పనులకే ఒప్పుకుంటాను. పిల్లల బొంగరాలు, సొరుగు గుబ్బలు, చదరంగం బంట్లు. పెద్ద గిన్నె లోపలి వైపు తవ్వడానికి వద్దు. ఆకురాయి ధర తగ్గించడానికి పైపొరకు మాత్రమే కార్బన్ ఎక్కించి చేసేవీ ఉన్నాయి. పళ్ళు అరగదీసేసరికి ఆ పొర పోయి లోపలి మెత్తటి ఇనుము మిగులుతుంది. అరగదీశాక మళ్ళీ రవ్వలు చూస్తే సంగతి బయటపడుతుంది.

లారీ కమాను పట్టీ కథ పూర్తిగా వేరు. దాని పాత పనే వంగి లేవడం, లక్షలసార్లు. కార్బన్ 0.6 శాతానికి అటూ ఇటూ, కొంచెం క్రోమియం, మాంగనీసు కలుస్తాయి. మలేషియా కమ్మరులు పారాంగ్ కత్తులు సాగగొట్టేది చాలావరకు దీంతోనే. అడవిలో తీగలు నరికే, కొబ్బరిబోండాం కొట్టే కత్తి విరగకూడదు. ఆ ఓర్పు కమాను ఉక్కుకు పుట్టుకతో ఉంది. పదును నిలిపే గట్టిదనం మాత్రం లేదు. వంగడం కోసం దాన్ని నాలుగైదు వందల డిగ్రీల దగ్గర సడలించి ఉంటారు. ఉలి కావాలంటే మళ్ళీ మొదటి నుంచి కాల్చి ముంచాలి.

దానికి ముందు పగుళ్ళు వెతకాలి. ఎంతో తిరిగిన కమానులో కంటికి కనబడని చీలికలు ఉండవచ్చు. కిరసనాయిలులో కొంతసేపు నానబెట్టి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూయండి. చీలిక ఉంటే దానిలో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా ఊరి సుద్ద మీద గీత తేలుతుంది. గీత కనిపిస్తే ఆ ముక్కను తిరిగి గుట్టలో పడేయాలి, మనసు పెట్టుకోకూడదు.

మంచి ముక్కను ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో పూడ్చి ఉంచితే మెల్లగా చల్లారి రంపానికి లొంగుతుంది. కోసి, ఆకారం దిద్ది, మళ్ళీ కాల్చాలి. నాలుగు ఇటుకలు, కొబ్బరి చిప్పల బొగ్గు, జుట్టు ఆరబెట్టే యంత్రం గాలి, ఇదే కొలిమి. ఎంత వేడి చాలు? ఇక్కడ పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం సాయపడుతుంది. 770 డిగ్రీలు దాటితే ఇనుముకు అయస్కాంతం అంటదు. ముక్కను తీసి అయస్కాంతానికి చూపుతూ, అంటడం మానేశాక ఇంకొంచెం వేడెక్కనిచ్చి ముంచాలి. కమాను ఉక్కు నీళ్ళలో పగలవచ్చు, నూనె కావాలి. పామాయిలు పండే దేశంలో అప్పడాలు వేయించి పక్కన పెట్టిన నూనె పనికొస్తుంది. కాస్త గోరువెచ్చగా చేస్తే పలచబడి వేడిని త్వరగా లాగుతుంది. నూనెలో నీటి చుక్క ఉండకూడదు, చిమ్ముతుంది. లోతైన ఇనుప డబ్బా వాడాలి, మంట లేస్తే కప్పడానికి మూత చేతికి అందేటట్టు ఉండాలి. తరవాత అదే ఇసుక, అదే గడ్డి రంగు.

జింకు పూత ఉన్న నీటి గొట్టాలను మాత్రం కొలిమిలో పెట్టకండి. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

మూడో రకం ఉక్కు మువార్ లాంటి ఊళ్ళలో దొరుకుతుంది. కుర్చీల కార్ఖానాల్లో చిత్రిక యంత్రాలకు వాడే బ్లేళ్ళు పదేపదే సానపట్టగా అరిగి, యంత్రంలో బిగించడానికి చాలనంత సన్నబడతాయి. ఆ మిగిలిన ముక్క తరచుగా హైస్పీడ్ స్టీలు. ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అమెరికాలోని బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో రూపొందించి, 1900 పారిస్ ప్రదర్శనలో చూపిన ఉక్కు ఇది. అక్కడ ఉలి మొన ఎర్రగా కాలుతూ కూడా ఇనుమును కోస్తూనే ఉందట, చూసిన ఇంజనీర్లు నివ్వెరపోయారు. మామూలు ఉక్కు ఆ వేడికి మైనంలా మెత్తబడేది. ఇందులో టంగ్‌స్టన్, మాలిబ్డినం, వనేడియం కార్బన్‌తో కలిసి అతి గట్టి రేణువులు కడతాయి. దాదాపు 600 డిగ్రీల దాకా అవి కదలవు.

మలేషియా కలపకు ఇది కావాలి. అక్కడి మెర్సావా, కెరూయింగ్ లాంటి చెట్లు మట్టిలోని సిలికాను తాగి కలపలో గింజలుగా దాచుకుంటాయి. ఆయిల్‌పామ్ మాను కూడా అంతే. ఇసుకను కోయడమే అది. ఆకురాయి ఉలి నిమిషాల్లో మొద్దుబారే చోట ఈ బ్లేడు ముక్క నిలబడుతుంది. కానీ దీన్ని ఇంట్లో కాల్చి గట్టిపరచలేము, 1200 డిగ్రీల దరిదాపు వేడి, దానిపైన కచ్చితమైన అదుపు కావాలి. ఉన్న గట్టిదనాన్ని ఉన్నట్టే ఉంచుకుని, చక్రం మీద ఆకారం దిద్దడమే. దిద్దేటప్పుడు అంచు నీలమైతే ఆకురాయి ఉలికి ప్రాణం పోయినట్టే, అందుకే దాన్ని మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. హైస్పీడ్ స్టీలుకు నీలం పట్టినా నష్టం లేదు. పైగా వేడి మీద నీళ్ళలో ముంచితే సన్నని చీలికలు పడవచ్చు, గాలికి వదిలేయడమే మేలు. బ్లేడు పలచన కాబట్టి మందపాటి ఇనుప కడ్డీ చివర గాడి తీసి, చిన్న ముక్కను మరతో బిగించాలి. యంత్ర రంపం బ్లేడు కూడా మంచిదే, అయితే కొత్త రకాల్లో పళ్ళ వరస మాత్రమే హైస్పీడ్ స్టీలు, వీపు మామూలు స్ప్రింగు ఉక్కు. రవ్వలు ఆ మోసాన్ని వెంటనే పట్టిస్తాయి.

పిడి మాట తేలికగా తీసుకుంటారు, అది తప్పు. తరిమెన ముందు ఉలి ఒక మీటవలె పనిచేస్తుంది. ఆనించే కడ్డీ ఇరుసు. ఉలి మొన కడ్డీ దాటి 2 సెంటీమీటర్లు ముందుకుండి, చెయ్యి 40 సెంటీమీటర్లు వెనక ఉంటే, మొన మీద 20 కిలోల బరువు పడినా చేతికి తెలిసేది ఒక కిలోయే. మొన 8 సెంటీమీటర్లు ముందుకు పోతే నాలుగు కిలోలు. కడ్డీ దగ్గర ఉలిని వంచే బలమూ నాలుగింతలవుతుంది. అందుకే పొడుగు పిడి, దగ్గరి ఆసరా. రబ్బరుగీత కత్తిని ఇక్కడ వాడలేకపోవడానికి కారణమూ ఇదే. అంచు అద్భుతంగా ఉంటుంది, మెడ సన్నన, పిడి పొట్టి.

పిడి కర్రకు పాత రాగి నీటి గొట్టం ముక్క పొన్ను. పొన్ను లేకపోతే తోక నెట్టే బలానికి కర్ర నిలువునా చీలుతుంది. పిడికి మెర్బావు కలప దొరికితే అదృష్టం. 2019లో మలేషియా తన జాతీయ వృక్షంగా ప్రకటించుకున్న చెట్టు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. తడి మెర్బావుకు ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచింది ఈ రసాయన చర్యతోనే. చెట్టులోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నలుపు. కలంకారీ పనివాళ్ళు తుప్పు ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో మురగబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద నల్ల గీతలు తీసేదీ అందువల్లే. పాత ఇనుముకు అన్నిటికంటే అందమైన పని అదేనని నాకు అనిపిస్తుంది.

ఉలి సిద్ధమయ్యాక మొదటి పరీక్షకు ఎండిన గట్టి కర్ర కంటే పచ్చి రబ్బరు కొమ్మ మంచిది. కళ్ళద్దాలు పెట్టుకుని, కొమ్మను తరిమెనలో బిగించి, నిదానంగా తిప్పాలి. ఉలి అంచును వెంటనే తాకించకూడదు. ముందు అంచు వెనకున్న ఏటవాలు ముఖాన్ని కర్ర మీద ఆనించాలి. అది ఊరికే రాస్తూ ఉంటుంది, ఏమీ తెగదు. అప్పుడు పిడిని కొంచెం కొంచెంగా పైకెత్తితే ఒక చోట అంచు కర్రను అందుకుంటుంది. పదును సరిగా ఉంటే పొట్టు పొడిగా రాలదు, తడి రిబ్బనులా ఉలి మీదుగా చేతి మీదికి పాకుతుంది. తొలి పొర బెరడు, దాంట్లో ఇంకా పాలు ఉంటాయి, వేళ్ళకు జిగటగా అంటుకుంటాయి. సన్నగా సాగే ఆ సుయ్యిమనే శబ్దం కరకరగా మారిన చోట యంత్రం ఆపి, సానరాయి దగ్గరకు వెళ్ళాలి.